ఇస్పేటు ఆసు

తాతబ్బాయి షెడ్డులో పేకాటకి డబ్బులుండవు. పందెం జీడిపిక్కలతోనే. బుట్టలోంచి తలా ఓ దోసెడు తీసుకుని కూర్చోవాలి, లేచేటప్పుడు ఎవరెన్ని గెలిచినా మళ్లీ అదే బుట్టలో పోసెయ్యాలి. "డబ్బులెట్టేవనుకో, నెల తిరక్కుండా తన్నుకు సస్తాం" అంటాడు తాతబ్బాయి. పెదబొడ్డేపల్లి దాటగానే రోడ్డువార అతని షెడ్డు. చుట్టుపక్కల తోటల్లో జీడిపిక్క కొని, అక్కడ ఎండబోసి, సంచులకెత్తి లారీలకి వేస్తాడు. రోలుగుంట దగ్గర సొంత తోట కూడా ఉంది. శనివారం సాయంత్రం కాటా కట్టేశాక తుంగచాప పరిచి మూడుముక్కలాట మొదలుపెడితే, అన్నాల వేళకి చాప చుట్టేసి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతారు. ఆటంటే అంతే.

అలాంటి ఆటలో కూడా ముక్క దొంగిలించే మనిషి ఉంటాడా అంటే, ఉన్నాడు. జీవరాజు.

చెడ్డవాడా? కాదు. బజారులో అతని టైలరింగు షాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కుట్టగా మిగిలిన గుడ్డ జానెడున్నా సరే, చుట్టచుట్టి కస్టమరు చేతిలో పెట్టే టైలరు ఊరు మొత్తానికి అతనొక్కడే అంటారు. మిషన్ చర్చిలో సంఘ పెద్ద. నెలకోసారి ప్రభువు బల్ల ఉన్న ఆదివారం, క్రీస్తు పేరున అందరికీ పంచే రొట్టె ముక్కల పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచేది అతనే. పేకాట సంగతి చర్చిలో ఎవరికీ తెలీదు. ఇంట్లో భార్య సువర్ణమ్మకి కూడా 'తాతబ్బాయి దగ్గర కాసేపు కూర్చుని వస్తాను' అనే తెలుసు. తాతబ్బాయీ జీవరాజూ ఒకే బళ్లో చదువుకున్నవాళ్లు కాబట్టి ఆవిడ ఎప్పుడూ ఆరా తియ్యలేదు.

ఆ చలికాలం చివర్లో వరసగా కొన్ని శనివారాలు జీవరాజుకి ముక్క పడలేదు. పడకపోతే పోయె, పోయేవి జీడిపిక్కలే కదా! కానీ గెలుస్తున్నవాడు మత్స్యరాజు. అదీ అతని మంట.

మత్స్యరాజు చింతపల్లి కొండల మీంచి దిగొచ్చిన మనిషి. షెడ్డులో సంచులెత్తి కాటా మీద పెడతాడు, రాత్రిళ్లు అక్కడే పడుకుంటాడు. ఇదివరకు నాలుగో చెయ్యిగా ఉన్న కరెంటాఫీసు గుమస్తాకి బదిలీ అయిపోతే, "నువ్వు రారా, ముక్కలు పట్టుకోడం వొచ్చు గదా" అని తాతబ్బాయే పిలిచి కూర్చోబెట్టాడు. జీవరాజు పక్కనే అతని చోటు. పూర్తిగా చాప మీద కూర్చోడు. ఒక మోకాలు మాత్రం చాప అంచు మీద ఆనించి, మిగతా ఒళ్లంతా గచ్చు మీదే ఉంచుకుంటాడు. జీడి అంటి నల్లబడ్డ వేళ్లతో ముక్కలు ఒకటొకటే నెమ్మదిగా విప్పి చూసుకుంటాడు. మంచి ముక్క వచ్చిందో చెడ్డ ముక్క వచ్చిందో మొహం చూసి చెప్పలేం. అందుకే గెలుస్తాడు.

"కొండ దిగొచ్చినోడు నీ పిక్కలన్నీ ఊడ్చీసేడు గదరా జీవరాజూ! ఇంకో దోసెడు బిచ్చమెయ్యమంటావేటి?" అని తాతబ్బాయి పకపకా నవ్వాడు.

బస్టాండులో టిక్కెట్లు కొట్టే దేవుళ్లు అనేవాడు నలుగురిలోకీ చిన్నవాడు. వాడికి నవ్వడానికి సందు దొరికితే చాలు. "ఈయన సేతికి ఆసు రావాలంటే పాస్టరు గారి సేత ప్రార్థన సేయించాలండి" అన్నాడు.

మత్స్యరాజు కూడా నవ్వాడు. నోరు మూసుకునే నవ్వాడు, తల వంచుకునే నవ్వాడు, కానీ నవ్వాడు. ఆ నవ్వుకి జీవరాజు చెవులు వేడెక్కిపోయాయి. వీడా నన్ను చూసి నవ్వేది, అనుకున్నాడు. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది కూడా. అయినా అనుకోవడం అయితే అనుకున్నాడు.

ఆ తర్వాతి పంపకంలో అతనికి ఇస్పేటు ఆసు వచ్చింది. తోడుగా రెండు పనికిమాలిన ముక్కలు. ప్యాక్ అని పడేసేటప్పుడు ఆ రెండే పడేశాడు. ఆసు తొడ కింద పంచె మడతలోకి పోయింది. పొద్దస్తమానం గుండీలు కుట్టే వేళ్లు, ఎవరి కంటా పడలేదు. వచ్చే పంపకంలో ఇంకో ఆసు తగిలితే జత చూపించి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వీళ్ల నోళ్లు మూయించాలి, అంతే అతని ఆలోచన.

కానీ ఈసారి పంచే వంతు దేవుళ్లుది. టిక్కెట్లు లెక్కపెట్టుకునే అలవాటు కదా, ముక్కలు కలపబోతూ పెదాలు కదుపుతూ లెక్కేశాడు. "యాభయ్యొకటే ఉన్నాయేటి?" అన్నాడు. ఇంకోసారి లెక్కేశాడు. "ఓలమ్మో, ఒకటి తక్కువండి."

జీవరాజు చెయ్యి తొడ కిందకి పోయింది. ముక్క తీసి చాప కిందకి తోశాడు. కిందేమో నున్నటి గచ్చు. ఎక్కడో తన దగ్గరే ఉంటుందనుకున్న ముక్క జర్రున జారి లోపలికంటా వెళ్లిపోయింది.

"లేవండి, లేవండి. కిందేటయినా పడిందేమో సూద్దాం" అని తాతబ్బాయి చాప ఎత్తాడు. మత్స్యరాజు మోకాలు ఆనించిన చోట, గచ్చు మీద, ఇస్పేటు ఆసు వెల్లకిలా పడి ఉంది.

మత్స్యరాజు ముక్కకేసి చూశాడు, తర్వాత తాతబ్బాయి మొహంకేసి చూశాడు.

"నాను కాదు బాబూ. నాకేటీ తెల్దు."

"అందుకేటి వరసపెట్టి గెలిచీస్తన్నావు!" అన్నాడు దేవుళ్లు.

తాతబ్బాయి నోటికొచ్చిన తిట్లు మొదలెట్టి, చెయ్యి కూడా ఎత్తాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది జీవరాజు. చెబుదామనే ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు, నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "పోనీలెద్దూ తాతబ్బాయీ. ఆటే గదా. ఏదో బుద్ధి గడ్డి తిన్నాది. క్షమించీ."

తను చేసిన దొంగతనానికి ఇంకొకణ్ణి క్షమించాడు! అది ఎంత నీచమైన మాటో అంటున్నప్పుడే అతనికి తెలిసింది. తెలిసి కూడా వెనక్కి తీసుకోలేదు. పిక్కలు బుట్టలో పోసి, చెప్పులు తొడుక్కుని, సైకిలెక్కి ఇంటికొచ్చేశాడు.

*

మర్నాడు ఆదివారం, బల్ల ఉన్న ఆదివారం. పాటలయ్యాయి, ప్రసంగం అయింది. ఎవరికైనా ఎవరి మీదైనా తప్పుంటే ముందది సరిచేసుకుని అప్పుడే బల్లకి రమ్మని, పాస్టరు అయ్యగారు ప్రతి నెలా చెప్పే మాటే చెప్పారు. ప్రతి నెలా వినే మాటే. ఆ రోజు మాత్రం తనను పేరు పెట్టి పిలిచినట్టయి జీవరాజు ఉలిక్కిపడ్డాడు.

లేచి వెళ్లి, తెల్లగుడ్డ కప్పిన పళ్లెం రెండు చేతులా పట్టుకున్నాడు. మళ్లీ పెట్టేశాడు. పక్కనున్న వరదానం మేష్టారి చెవిలో "మీరు పట్టండి, నాకు ఒంట్లో బాగోలేదు" అని, వెనక వరసలోకి పోయి కూర్చున్నాడు. పళ్లెం తన దాకా వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపాడు.

ఒంట్లో బాగోకపోతే మాత్రం గోరంత రొట్టె ముక్క తినలేకపోతాడా! సంఘ పెద్ద బల్ల వదిలేశాడంటే అక్కడి వాళ్లకి తోచేది ఒకటే. ఇంట్లో మొగుడూ పెళ్లాలకి పడలేదు. ఆడవాళ్ల వైపు తలలన్నీ సువర్ణమ్మ మీదకి తిరిగాయి. ఆరాధన అయ్యాక ఆవిడ గుమ్మం దగ్గర డబ్బా పెట్టుకుని పిడికెడు బియ్యం పోయించుకుంటోంది. ఇంటింటా ఎసట్లో పోసే ముందు ఓ పిడికెడు తీసి దాచి, ఆదివారం నాడు దేవుడికని తెచ్చే బియ్యం అవి. ఊరి కబుర్లన్నీ మోసే కృపామణి తన సంచీ వంపుతూ, గొంతు తగ్గించి, తగ్గించినా పదిమందికీ వినపడేలా, "ఏటొదినా, అన్నయ్యకీ నీకూ ఏటైనా మాటా మాటా వొచ్చిందేటి?" అంది.

సువర్ణమ్మ బియ్యం డబ్బాకి మూత పెట్టింది. ఇంటికొచ్చి, తలుపు మూసి, అప్పుడు అంది.

"ఏటి సేసేవు?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే నలుగురిలోనూ నన్నెందుకు నిలబెట్టీసేవు? నీకు కూడెట్టడం మానేసేనా? మీ అమ్మ మంచంలో ఉన్నన్నాళ్లూ సెయ్యలేదా? కృపామణి సేత అడిగించుకున్నాను గదా, కృపామణి సేత!"

జీవరాజు కంచం ముందు తల దించుకుని కూర్చున్నాడు. చెబితే ముందు పేకాట చెప్పాలి. పేకాట చెబితే ముక్క చెప్పాలి. ముక్క చెబితే ఆ 'క్షమించీ' అన్న మాట చెప్పాలి. అన్నం కెలికి, చెయ్యి కడిగేసుకున్నాడు.

*

శివరాత్రికి బలిఘట్టంలో జరిగే తీర్థం, ఆ జాతర అంటే టైలర్లకి నెల ముందు నుంచే ఊపిరాడదు. ఎమర్జెన్సీ ఎత్తేసి ఇంకా ఏడాది కాలేదు, కుర్రాళ్లందరికీ ఒకటే పిచ్చి, బెల్ బాటం. మోకాలి దగ్గర బిగుతుగా ఉండాలి, కింద చీపురు లేకుండా రోడ్డు ఊడ్చాలి. సోమవారం పొద్దున జీవరాజు కొత్త టెరికాటన్ గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర ఆడించాడు. కత్తిరించాక చూసుకుంటే రెండూ ఎడమ కాలికే సరిపోయేలా ఉన్నాయి. ఇన్నేళ్ల పనిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఆ గుడ్డ చేతిలో పట్టుకుని బుర్ర గోక్కుంటూ ఉండగా, గుమ్మం కింద మత్స్యరాజు కనిపించాడు.

రోడ్డుకి అటుపక్క ఒకామె మూటలూ, గిన్నెలూ, కాళ్లు కట్టిన కోడిపెట్టా దగ్గర పెట్టుకుని గొంతుక్కూర్చుని ఉంది.

"మా ఆడదండి, సింహాద్రమ్మ. తోటలో కాపలా ఇస్తన్నారని కబురెడితే సామాను ఎత్తుకుని కొండ దిగొచ్చీసింది" అన్నాడు మత్స్యరాజు.

జీవరాజుకి ఆ సంగతి తెలుసు. ఈ ఏడు రోలుగుంట తోట కాపలా మత్స్యరాజుకేనని తాతబ్బాయి ఎప్పుడో మాటిచ్చాడు. కాపలా అంటే తోటలో గుడిసె ఉంటుంది. మొగుడు కాపలా కాస్తే పెళ్లాం పిక్క ఏరుకోవచ్చు. అతను షెడ్డులో, ఆమె కొండ మీద, ఎప్పుడో పండక్కి ఒకసారి కలుసుకునే సంసారం వాళ్లది. ఆ గుడిసెలో ఒక్కచోట ఉండొచ్చని ఇద్దరూ కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్నారు.

"తాతబ్బాయి బాబు ఇవ్వనన్నారండి. పేకముక్క దాసినోడు పిక్క దాసడేటి అన్నారు. ఇంకో మనిషిని సూస్తన్నారంట." మత్స్యరాజు తలపాగా విప్పి చేతుల్లో నలుపుతున్నాడు. "మీరు సెప్తే ఇంటారు బాబూ. దెబ్బ పడకుండా ఆ పూట మీరే గదా అడ్డమొచ్చేరు. నాను తియ్యలేదని సెప్పండి. అంతే సాలు."

"చెప్తాను."

"మా ఆడదే నమ్మట్లేదండి. 'తియ్యకపోతే నీ మోకాలు కిందకి ఎలగొచ్చినాదీ' అంటాది. నానేటి సెప్పను? నాకే తెల్దు గదా." అతను తలెత్తి జీవరాజు కళ్లలోకి చూశాడు. "మీరు నమ్ముతన్నారా బాబూ?"

"నమ్ముతున్నాను" అన్నాడు జీవరాజు.

మత్స్యరాజు మొహం విచ్చుకుంది. నల్లబడ్డ చేతులు రెండూ జోడించి దణ్ణం పెట్టాడు. జీవరాజు ఆ చేతుల వంక చూడలేక, కత్తిరించడానికి ఏమీ లేకపోయినా కత్తెర అందుకున్నాడు. ఛీ, ఏం బతుకురా నాది, అనుకున్నాడు.

ఆ పూట షాపు పెందలాడే కట్టేసి ఇంటికి పోయి సువర్ణమ్మకి అంతా చెప్పేశాడు. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"పేకాటా!" అని ముందు చేట కింద పెట్టింది. మిగతాది మాత్రం మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"ముక్క నువ్వు దాసేవు. తిట్లు ఆడు తిన్నాడు. క్షమించింది నువ్వు" అంది చివరికి, ఒక్కొక్క మాటా విడదీసి. "అదే ఆ దేవుళ్లు మోకాలి కింద దొరికుంటే?"

"ఏం?"

"నువ్వు బేగి ఒప్పీసుకుందువు. దేవుళ్లయితే ఊరుకోడు, నీ పీక పట్టుకుంటాడు. ఈడు కొండోడు, అడిగే దిక్కు లేదు, అందుకూరుకున్నావు."

అతను ఆ మాట తనకి తాను ఇంతవరకూ చెప్పుకోలేదు. ఆవిడ నోటంట విన్నాక కాదనడానికి లేకపోయింది. మొహం కప్పుకుని అలాగే కూర్చున్నాడు.

"ఎల్లు. రేపే ఎల్లి సెప్పీ. నీ పరువు పోతే పోనాది. నాది నిన్ననే పోయింది గదా" అని సువర్ణమ్మ చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

*

మంగళవారం సాయంత్రం షెడ్డుకి వెళ్లేసరికి తాతబ్బాయి కొత్త పిక్క బేరమాడుతున్నాడు. గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఆడించి, లోపల పప్పు గలగలమంటోందా లేదా వింటున్నాడు. ఎండని పిక్క చప్పుడు చెయ్యదు. డ్యూటీ దిగిన దేవుళ్లు సంచుల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మత్స్యరాజు లేడు.

అమ్మడానికొచ్చిన రైతు వెళ్లిపోయే దాకా ఆగి, జీవరాజు గొంతు సవరించుకున్నాడు.

"తాతబ్బాయీ, ఆ ముక్క నేనే దాచేను."

"ఏ ముక్క?"

"ఇస్పేటు ఆసు. తొడ కింద పెట్టుకున్నాను. దేవుళ్లు లెక్కెట్టీసరికి భయమేసి చాప కిందకి తోసీసేను. మత్స్యరాజు వైపు పోయింది."

తాతబ్బాయి గుప్పిట్లో పిక్కలు అలాగే పట్టుకుని అతని మొహంలోకి చూశాడు. జీవరాజు తిట్లకి సిద్ధపడ్డాడు. కొట్టినా సరే అనుకున్నాడు. కొడితే బావుణ్ణనిపించింది కూడా.

"ఆడొచ్చేడా నీ దగ్గరకి?" అన్నాడు తాతబ్బాయి.

"వచ్చేడు. అయితే..."

"పెళ్లాన్ని కూడా ఎంటబెట్టుకొచ్చుంటాడు. మూటలూ అయ్యీ సూపించుంటాడు."

"అది కాదురా, నేను నిజం చెప్తన్నాను."

"నీ సంగతి నాకు తెల్దేటి?" తాతబ్బాయి గొంతు మెత్తబడింది. "బళ్లో సిరాబుడ్డి నాను పగలగొడితే మేష్టారి బెత్తానికి సెయ్యి సాపింది ఎవుడు? నువ్వు కాదేటి? మీ దేవుడూ అంతే గదా. ఊరందరి పాపం తన నెత్తినేసుకున్నాడని మీ పాస్టరు మైకులో సెప్తే ఇన్నాను. నువ్వూ అదే పని సేస్తన్నావు."

"అందుకే గదండి ఆయన్ని సంఘానికి పెద్దని సేసేరు" అన్నాడు దేవుళ్లు. వాడి గొంతులో వెటకారం లేదు. అదీ ఘోరం.

జీవరాజుకి ఒళ్లు మండింది. తన తప్పు తను చెప్పుకుంటానంటే కూడా నమ్మరేం! "పేక తియ్యి" అని అరిచాడు. "తియ్యి చెప్తాను. ఎలా దాచేనో చూపిస్తాను."

చాప పరిచారు. ఆ శనివారం కూర్చున్న చోటే కూర్చున్నాడు. మూడు ముక్కలు పట్టుకుని, రెండు కింద పడేసి, మూడోది పంచె మడతలోకి తొయ్యబోయాడు. ఈసారి నాలుగు కళ్లు ఆ వేళ్ల మీదే ఉన్నాయి. ముక్క తొడకి తగిలి ఎదురుగా బోర్లా పడింది. మళ్లీ చేశాడు. మళ్లీ పడింది. మూడోసారి ముక్క పంచెలో ఇరుక్కుని సగం బయటికి కనపడుతూ నిలబడిపోయింది. దేవుళ్లు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒగ్గీండి జీవరాజు గారూ. దొంగపని కూడా నేర్సుకుంటేనే గానీ రాదండి."

తాతబ్బాయి నవ్వలేదు. అతని కళ్లు చెమర్చాయి. దగ్గరికొచ్చి, పంచెలో ఇరుక్కున్న ముక్క తనే తీసి పేకలో కలిపేశాడు.

"సాల్లే ఊరుకో. ఆడి కోసం ఇంతకి తెగించేవు. సరే, నీ మొహం సూసి కాపలా ఆడికే ఇస్తాను. ఎల్లుండి నుంచి తోటలో ఉండమంటాను. ఇంకేటీ అనకు."

అప్పుడైనా ఇంకా గట్టిగా చెప్పి ఉండొచ్చు. సువర్ణమ్మ మీద ఒట్టేసి చెప్పి ఉండొచ్చు. కానీ కాపలా వచ్చేసింది కదా, వాళ్లకి కావలసింది అదే కదా, అనిపించింది జీవరాజుకి. అనిపించగానే ఒళ్లంతా తేలికపడింది. ఆ తేలికే తప్పని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది, అయినా సైకిలెక్కాడు.

"సెప్పేవా?" అంది సువర్ణమ్మ, ఇంట్లో అడుగు పెట్టగానే.

"చెప్పేను. కాపలా ఇస్తానన్నాడు."

"నమ్మేడా?"

అతను చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు. ఆవిడ ఇంకోసారి అడగలేదు.

*

గురువారం మధ్యాహ్నం జీవరాజు మిషను మీద గుండీ కాజాల చుట్టూ దారం ముడులు తెంపుతుంటే, దేవుళ్లు డ్యూటీ మధ్యలో టీకని వచ్చి షాపు ముందు ఆగాడు.

"మీరంత సేసేరు గదా, ఆడి పొగరు సూసేరా? కాపలా వొద్దన్నాడంట. సింతపల్లి బస్సుకి ఇద్దరికీ టిక్కెట్టు తీసుకున్నాడు, ఇప్పుడే నానే కొట్టేను."

జీవరాజు కాలు మిషను మీంచి తీసి, టేపు మెడలో అలాగే ఉండగా సైకిలెక్కాడు. షాపు తలుపు కూడా మూయలేదు.

బస్సు ఇంకా కదల్లేదు. మత్స్యరాజు నిచ్చెనెక్కి టాపు మీద మూటలు సర్దుతున్నాడు. జీవరాజుని చూసి, చివరి ముడి వేసి, నిదానంగా దిగాడు.

"కాపలా ఇచ్చేడు గదా. ఎందుకు వెళ్లిపోతన్నావు?"

"ఇచ్చేరండి. 'నీ తప్పు జీవరాజు తన నెత్తినేసుకున్నాడు, ఎల్లి ఆడి కాళ్లు మొక్కి రా, ఇకనించి బుద్దిగుండు' అన్నారు. మా ఆడదాని ముందే అన్నారు." మత్స్యరాజు గొంతు పెంచలేదు. "నాను తియ్యలేదని సెప్పమన్నాను బాబూ. క్షమించమని సెప్పమన్లేదు. దొంగనని ఖాయం సేసీసి, దొంగ సేతికి తోటిస్తే ఎలాగుంటానండి అక్కడ? పిక్క రాలిన సప్పుడైనా నా వొంకే సూస్తారు."

"మత్స్యరాజూ, తీసింది నేను."

అతను అర్థం కానట్టు చూశాడు.

"నిజం. ఎవరినో కాపాడ్డానికి చెప్పడం లేదు. నేనే తీసి, పట్టుబడతానని నీ వైపు తోసేను. వాళ్లకీ చెప్పేను, వాళ్లు నమ్మలేదు."

మత్స్యరాజు చాలాసేపు అతని మొహం, తర్వాత చేతులు చూశాడు. ముక్కలు విప్పి చూసుకునేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు.

"ఎందుకండి?"

"నువ్వు నవ్వేవు. నన్ను చూసి."

"నానెప్పుడు నవ్వేను?" అన్నాడు మత్స్యరాజు. అతనికి నిజంగానే గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు ప్రయత్నించి, వదిలేశాడు.

జీవరాజు నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ కాసేపూ భూమి విచ్చుకుంటే అందులోకి దూరిపోదును అనిపించింది. తిట్టు, అందామనుకున్నాడు. తిట్టమని అడిగే మొహం కూడా తనకి లేదనిపించి ఊరుకున్నాడు.

"ఒక పని సెయ్యండి" అన్నాడు మత్స్యరాజు. "ఈ మాట మా ఆడదానికి సెప్పండి. ఆళ్లు ఇనకపోతే పోనాది. అది ఇంటే సాలు. దానితోటే గదా నాను బతకాల."

సింహాద్రమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది, కోడిపెట్ట పక్క సీటు మీద ఉంది. జీవరాజు కిటికీ దగ్గరికి వెళ్లి, బస్సులో అందరికీ వినిపించినా సరే అనుకుని గట్టిగానే చెప్పాడు.

"అమ్మా, మీ ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. ఆ ముక్క నేనే దొంగిలించేను. నేనే ఆయన మోకాలి కిందకి తోసేను. దొంగని నేను."

బస్సులో ఒకరిద్దరు తలలు తిప్పి చూశారు. సింహాద్రమ్మ నోరు తెరుచుకుని వింటోంది. వింటూ వింటూ ఉండగా ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"తాతబ్బాయి బాబు సెప్పేరండి, మీరిలాగే అంటారని. ఇంత ఎండలో దానికోసం సైకిలు తొక్కుకొచ్చేరా బాబూ?" అంది. కిటికీ ఊచల్లోంచి చేతులు చాపి, అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"కాదమ్మా, నేను చెప్పేది నిజం..."

"మీలాటోరు ఉండబట్టే వానలు పడతన్నాయి. ఒక్క సాయం సెయ్యండి బాబూ. మీ గుళ్లో మా ఆయన కోసం ప్రార్థన సెయ్యండి. ఆ సేతికి ఇంకెప్పుడూ అలాటి బుద్ది పుట్టకూడదని దేవుడికి సెప్పండి. మీరు సెప్తే ఇంటాడు."

జీవరాజు తల తిప్పి చూశాడు. మత్స్యరాజు బస్సెక్కేశాడు. కోడిపెట్టని ఒళ్లోకి తీసుకుని, ఆమె పక్కన కూర్చుని, ఎదర సీటు వీపుకేసి చూస్తున్నాడు.

కండక్టరు విజిలు వేశాడు.

"సేస్తారా బాబూ?" ఆమె చేతులు వదలలేదు. బస్సు కదిలింది. "సేస్తానని ఒక్క మాట సెప్పండి బాబూ."

మెడలో టేపు వేలాడుతుండగా జీవరాజు బస్సు పక్కనే కొంతదూరం నడిచాడు. "చేస్తాను" అన్నాడు.